దెబ్బ తిన్నవాడి వంతు

అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజునే నాకు తెలిసిన మొదటి నియమం, బావగారితో మాట్లాడకూడదన్నది. బావగారంటే మా ఆయనకు అన్న. ఆయన హాల్లో ఉంటే నేను వంటింట్లో ఉండాలి. ఆయనకు అన్నం వడ్డించేది మా అత్తమ్మ. నేను ఆయనతో ఏదైనా చెప్పాలంటే అత్తమ్మతో చెప్పాలి, ఆయన నాతో చెప్పాలన్నా అత్తమ్మతోనే చెప్పాలి. రెండు వేల సంవత్సరం దాటాక, ఖమ్మంలో, ఖానాపురం హవేలి లాంటి చోట, ఇంటింటికీ స్కూటరూ డిష్ యాంటెన్నా ఉన్న వీధిలో ఇదేం ఆచారమే అని నా స్నేహితురాళ్ళు నవ్వేవాళ్ళు. మా పెనుబల్లి వైపు ఇంత పట్టింపు లేదు. పైగా నాకు నోరెక్కువ. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ పెళ్ళికి ముందు పదే పదే చెప్పి పంపింది కాబట్టి, వెళ్ళిన ఇంటి పద్ధతి పాటించాను. పాటించానంటే ఇష్టంగా పాటించానని కాదు.

ఆ ఏడాది నాకు డీఎస్సీలో టీచరు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు భద్రాచలం దాటాక, గోదావరి అవతల, అడవిలో ఒక కోయ గూడెం బడికి. అత్తవారింటికి కాగితం వచ్చినప్పుడు నేను పెనుబల్లిలో మా అమ్మ దగ్గర ఉన్నాను. కబురు తెలిసి ఎగిరి గంతేసి బస్సెక్కి వచ్చేసరికి మా ఇంట్లో ఆ విషయం తేలిపోయింది. వంటింటి గుమ్మంలో చింతపండు గింజలు తీస్తూ కూర్చున్న అత్తమ్మ తలెత్తకుండా చెప్పింది.

"మీ బావ వద్దన్నడు బిడ్డా. అడివి ఊరంట, జరాలంట. ఇగ ఆ ముచ్చట ఇడిచిపెట్టు."

మా మామగారు మా పెళ్ళికి చాలా ముందే పోయారు. ఆ ఇంట్లో బావగారి మాటే తండ్రి మాట. మా ఆయన్ని నిలదీశాను. ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు, మంచి మనిషి, అన్న ముందు మాత్రం నోట్లో నాలుక లేని మనిషి.

"అన్న వద్దన్నంక నేనేం జెయ్యాలె?" అన్నాడు.

"మీరడిగారా?"

"అమ్మ అడిగింది గదా. మళ్ళ నేనేం అడుగుత?"

బావగారు వద్దన్నారంటే నమ్మడానికి కారణం కూడా ఉంది. ఆయన బొగ్గు గనుల్లో సర్వేయరు. పెళ్ళైన కొత్తలో అడవి అంచున ఒక క్వార్టర్సులో కాపురం పెట్టారు. ఆయన భార్య, నేను చూడని మా అక్క, అక్కడే మెదడుకెక్కిన మలేరియాతో పోయింది. దవాఖానాకు తీసుకెళ్ళే జీపు దారిలో ఉండగానే పోయిందట. అలాంటి మనిషి, తమ్ముడి భార్యను అలాంటి అడవికే పంపడానికి ఒప్పుకోకపోతే తప్పుపట్టడం కష్టం. నేను పట్టాను. ఆయన కష్టం ఆయనది, నా ఉద్యోగం నాది. రాత్రీ పగలూ తెలియకుండా చదివి తెచ్చుకున్న ఉద్యోగం. ఉన్న ప్రైవేటు బడి పని కూడా దీని ధీమాతోనే మానేశాను. నెలాఖరులోపు వెళ్ళి చేరకపోతే అది పోతుంది. నాకు కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, రెండూ వంటింట్లోనే వచ్చాయి. హాల్లోకి వెళ్ళి అడిగే దారి లేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంట్లోకి ఆ ఆట వచ్చింది.

బావగారు గనిలో కొలతలు తీస్తూ గట్టు మీంచి జారి నడుముకు దెబ్బ తగిలించుకుని, సెలవు మీద ఇంటికొచ్చి ఉన్నారు. ఎక్కువసేపు పడుకోవాలి, కాసేపు కూర్చోవచ్చు, బరువెత్తకూడదు. ఏమీ చెయ్యకుండా ఉండటం ఆ మనిషికి చేతకాదు. సీలింగు ఫ్యాను గోడకు ఎంత దూరంలో ఉందో పడుకునే లెక్కగట్టేవారు. ఆయన్ని చూడటానికి బెంగుళూరు నుంచి వచ్చిన పాత స్నేహితుడొకడు పొద్దుపోవడానికని ఒక పెట్టె వదిలి వెళ్ళాడు. అందులో బొటనవేలంత సైనికులు, ఈటెలవాళ్ళు, విలుకాళ్ళు, గుర్రాల వాళ్ళు, ఇద్దరు నాయకులు. సీసం రంగులో, రంగులు వెయ్యకుండా. వాటితోపాటు పాచికలు, ఆట నియమాలున్న మందపాటి ఇంగ్లీషు పుస్తకం.

మంచం పక్కన బల్ల మీద ప్లైవుడ్ చెక్క పరిచి, దుప్పటి మడతలతో గుట్టలు చేసి, టేపుతో కొలిచి బొమ్మల్ని నడిపించే ఆట అది. చదరంగంలో లాగా గళ్ళు ఉండవు. ఎవడు ఎంత దూరం నడుస్తాడో, ఎవడి బాణం ఎంత దూరం పోతుందో కొలుచుకోవాలి. కొలతలు చూసి బావగారి ముఖం చాలా రోజుల తర్వాత వెలిగిందని అత్తమ్మ నాతో చెప్పింది. నేను చూడలేదు కదా, నాది కర్టెను వెనక బతుకు.

మొదటి ఆదివారం అన్నదమ్ములిద్దరూ ఆడారు. నడకల వరకు బాగానే సాగింది. కొట్లాట దగ్గరికి రాగానే నిజంగానే కొట్లాట మొదలైంది. మా ఆయన ఒక విలుకాణ్ణి పడగొట్టి, వెంటనే పాచిక మళ్ళీ చేతికి తీసుకున్నాడు.

"గదెందుకు తీస్తున్నవ్?" అన్నారు బావగారు.

"చంపితే మళ్ళ పందెం ఉంటది గదనే."

"అవ్, చంపితే మళ్ళ పందెమే," అంది అత్తమ్మ గుమ్మంలోంచి, ఎంతో నమ్మకంగా. "చిన్నప్పటి సంది గంతే."

"అది అష్టాచెమ్మల గదమ్మా. ఇది వేరే ఆట."

"ఏ ఆటైనా చంపుడు చంపుడే గదరా."

అష్టాచెమ్మ ఆడి పెరిగిన ఇళ్ళలో, కాయను చంపితే ఇంకోసారి వేసే ఆ నియమం రక్తంలో ఉంటుంది. నిజం చెప్పొద్దూ, కర్టెను వెనక నేను కూడా మళ్ళీ పందెం ఉంటుందనే అనుకున్నాను. పుస్తకంలో ఆ అధ్యాయం ఎంత చదివినా బావగారికి తేలలేదు. పడుకుని చదివితే నడుం, కూర్చుని చదివితే మెడ. చివరికి ఆయన అన్న మాట నాకు వినపడింది. "అమ్మా, ఆ పిల్ల ఇంగ్లీషు చదివింది గదా. అటాక్, డ్యామేజ్ అని ఉన్న కాడ ఏమున్నదో చూసి చెప్తదా అడుగు."

అత్తమ్మ పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పడేసింది. "ఇది చదివి చెప్పాలెనంట," అంది.

నా ఉద్యోగం వద్దన్న మనిషికి ఆట నియమాలు చదివి పెట్టాలా అని ఒళ్ళు మండింది. ఆ పుస్తకాన్ని పొయ్యి పక్కన పెట్టి గంటసేపు ముట్టుకోలేదు. తర్వాత ఊరికే పేజీ తిప్పాను. పుస్తకం కనిపిస్తే చదవకుండా ఉండలేని జబ్బు నాది.

చదివితే తేలింది ఇది. కొట్టడానికి మూడు మెట్లున్నాయి. ముందు పాచిక వేసి దెబ్బ తగిలిందా లేదా చూడాలి. తగిలితే, కవచం దాన్ని ఆపిందేమో అవతలివాడు పాచిక వేసి చూసుకుంటాడు. ఆగకపోతే అప్పుడు డ్యామేజ్, అంటే ప్రాణం తగ్గుతుంది. మామూలు సిపాయికి ఒక్క ప్రాణమే. నాయకుడికి మూడు. చంపినందుకు మళ్ళీ పందెం లేదు. అత్తమ్మతో చెప్పాను, అత్తమ్మ వెళ్ళి చెప్పింది, మా ఆయన గొణిగాడు.

వెంటనే రెండో సందేహం వచ్చింది. గుర్రం మీది నాయకుడి దెబ్బకు డ్యామేజ్ మూడు. అది ఒక్క ప్రాణం ఉన్న సిపాయికి తగిలింది. ఒకటి పోను మిగిలిన రెండూ పక్కనున్నవాడికి పోతాయా? పుస్తకం స్పష్టంగా ఉంది. పోవు. ఎవడికి తగిలిన దెబ్బ వాడితోనే సరి, మిగిలింది నేలపాలు. అది విని, సందేశం మోయాల్సిన అత్తమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పక్కోనికి తగలదా?"

"తగలదు అత్తమ్మా."

"గట్లెట్ల? ఒకడు కూలితే పక్కోడు ఊకె నిలవడ్తడా? ఇంట్ల ఒకళ్ళకు దెబ్బ తగిల్తె అందరికీ తగల్తది. ఆ పిల్ల పోయిన్నాడు మీ బావకు తగల్లేదా, నాకు తగల్లేదా?"

అక్క గురించి ఆమె నాతో మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె చెంగుతో ముక్కు తుడుచుకుని, హాల్లోకి వెళ్ళి, "తగలదంటుంది, పుస్తకంల గట్లనే ఉన్నదంట," అని చెప్పి వచ్చింది. ఆ రోజంతా నాకు పుస్తకమే తప్పేమో అనిపించింది.

స్టోరేజీకి మిర్చి రావడం మొదలయ్యేసరికి మా ఆయనకు తీరిక పోయింది. పొద్దున పోతే దీపాలు పెట్టాకే రావడం, కళ్ళు ఎర్రగా, ఒళ్ళంతా ఘాటు, వచ్చాక ఇంట్లో అందరికీ తుమ్ములు. బావగారు ఒక్కరే అటూ ఇటూ రెండు వైపులా ఆడుకోవడం మొదలుపెట్టారు. మధ్యాహ్నం పూట హాల్లోంచి పాచికల చప్పుడు, మళ్ళీ చాలాసేపు నిశ్శబ్దం, మళ్ళీ పాచికల చప్పుడు. తనతో తాను కొట్లాడుకునే మనిషిని వింటూ పప్పు రుబ్బడం చాలా బాధగా ఉంటుంది. మనకు కోపం ఉన్న మనిషి మీదే జాలి పడాల్సి రావడం ఇంకా బాధ.

ఒకరోజు ఆయన అన్నారు. "ఆ పిల్ల ఆడుతదేమో అడుగమ్మా."

అత్తమ్మ వచ్చి, "నిన్ను ఆడమంటుండు," అంది.

"ఆడతాను గానీ, గెలిస్తే ఏమీ అనుకోకూడదని చెప్పండి."

అత్తమ్మ వెళ్ళి, "సరేనంటుంది," అని చెప్పింది.

నాకు నవ్వొచ్చింది. అంతకుమించి ఆలోచించలేదు.

అలా మొదలైంది మా విచిత్రమైన యుద్ధం. నేను వంటింటి గుమ్మానికి ఇవతల పీట మీద, కర్టెను కాస్త పక్కకు తోసి, బల్ల కనిపించేలా, మనిషి కనిపించకుండా. ఆయన మంచం మీద దిండుకు ఆనుకుని. మధ్యలో అత్తమ్మ నా సేనాపతి. నేను చెప్పినట్టు బొమ్మల్ని జరిపేది, నా పాచికలు వేసేది. వేసేముందు పాచికను గుప్పిట్లో ఊపి గవ్వలకు ఊదినట్టు ఊదేది. పడగొట్టిన బొమ్మలను ఒడిలో వేసుకునేది, "ఆడనే ఉంటే తొక్కుడు పడ్తయి" అనేది. ఆమె కూడా ఆటలో పడిపోయింది. ఒక్కోసారి నా విలుకాళ్ళను నేను చెప్పకుండానే గుట్ట వెనక్కి జరిపేది, దెబ్బ తగలకుండా.

బావగారి ఆట తీరు చూస్తే మనిషి అర్థమయ్యాడు. తొందర లేదు. కొలిచిన దూరాన్ని రెండోసారి కొలుస్తారు. నాకు లాభం కలిగే కొలతైనా సరే, వేలెడు కూడా తన వైపు లాక్కోరు. ఒకసారి అత్తమ్మ నా ఈటెవాణ్ణి తక్కువ దూరం జరిపితే, "ఆమెకు ఇంకింత రావాలె," అని ఆయనే సరిచేయించారు. ఇంత న్యాయమైన మనిషి నా మాట వినకుండానే నా ఉద్యోగాన్ని ఎలా వద్దన్నాడో నాకు అంతుబట్టేది కాదు. ఆ ప్రశ్న రోజూ నా గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. నెలాఖరు దగ్గర పడుతోంది. గోడ మీది క్యాలెండరు వైపు చూడటం మానేశాను.

అసలు తగాదా వచ్చిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. ఆయన గుర్రాల దండు నా ఈటెలవాళ్ళ వరస మీదికి దూకింది. ఆయన పాచికలు బాగా పడ్డాయి, నా కవచాలు ఒక్కటీ ఆపలేదు. ముందు వరస మొత్తం పడింది. అత్తమ్మ బొమ్మల్ని ఒడిలోకి తీసుకోబోయింది.

"ఆగండి అత్తమ్మా. వాళ్ళు ఇంకా కొట్టలేదు," అన్నాను.

"సచ్చినోడు ఎట్ల కొడ్తడు?" అన్నారు బావగారు అత్తమ్మతో. "ముందు వచ్చినోడు ముందు కొడ్తడని ఉన్నది గదా."

ఉంది, నిజమే. దండెత్తడం గురించి చెప్పే అధ్యాయంలో, మీదికి వచ్చినవాడిదే మొదటి దెబ్బ అని ఉంది. అటాక్, డ్యామేజ్ అధ్యాయంలో మాత్రం ఎదురెదురు కొట్లాటలో రెండు వైపుల దెబ్బలూ ఒక్కసారే పడ్డట్టు లెక్క అని ఉంది. రెండూ నిజమెలా అవుతాయి? నేను పుస్తకం ఒళ్ళో పెట్టుకుని వెతికాను. చివర్లో ఒక ఉదాహరణ దొరికింది. రెండు దండుల మధ్య కొట్లాటను బొమ్మలేసి మెట్టుమెట్టుగా చూపించారు. మొదటి దెబ్బ అంటే పాచిక ముందు వేయడం అన్నమాట, అంతే. పడినవాణ్ణి బల్ల మీంచి తీసెయ్యకూడదు. ఉన్నచోటే పక్కకు పడుకోబెట్టాలి. పడుకోబెట్టినవాడు కూడా తన వంతు పాచిక వెయ్యాలి. వాడి దెబ్బల లెక్క కూడా అయ్యాకే ఇరువైపులా పడినవాళ్ళు బల్ల దిగాలి. ముందు కొట్టినంత మాత్రాన ఎదుటివాడి వంతు పోదు.

ఎంత సంబరం వేసిందో. "దొరికింది అత్తమ్మా! పడినవాళ్ళకు కూడా వంతు ఉంది. బొమ్మ వేసి మరీ చెప్పాడు."

హాల్లోంచి బావగారి గొంతు, కుతూహలంగా, "ఏ పేజీల ఉన్నదో అడుగమ్మా. చూస్తా," అంది.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "కాదంటుండు బిడ్డా. తీసెయ్యమంటుండు."

నేను ఆమె ముఖంలోకి చూశాను. "పేజీ అడిగారు అత్తమ్మా. నాకు వినపడింది."

"గదే గదా నేను జెప్పింది. ఎందుకీ కొట్లాట, ఇడిచిపెట్టు." మళ్ళీ అటు తిరిగి, "సరే, తీసెయ్యమంటుంది రా," అంది, ఏమీ జరగనట్టు. అంటూనే నా ఈటెలవాళ్ళను ఏరుకోవడం మొదలుపెట్టింది.

ఆమె చేతి వంక చూస్తూ ఉండిపోయాను. ఒక చివర ప్రశ్న వేస్తే రెండో చివర తీర్పు బయటికొచ్చింది. నా చివర జవాబు వేస్తే అటు "సరే" అని వచ్చింది. ఇది ఈ రోజు సంగతి కాదు. ఆడుతుందేమో అడుగు అంటే ఆడమన్నాడు అని. గెలిస్తే ఏమీ అనుకోవద్దంటే సరేనంది అని. చదివి చెప్తదా అంటే చెప్పాలెనంట అని. అన్నీ చెవులారా విన్నాను, నవ్వుకున్నాను. గుమ్మానికి అటూ ఇటూ ఉండి అందరం అన్నీ వింటూనే ఉన్నాం కాబట్టి దాంతో ఎవరికీ నష్టం కలగలేదు. నేను వినని మాట ఒక్కటే ఉంది. నేను పెనుబల్లిలో ఉన్నప్పటి మాట.

అంతవరకు నాకున్న కోపమంతా బావగారి మీద. అది అగ్గి మీద గుగ్గిలంలా లేచింది, ఈసారి ఎవరి మీదో తెలియలేదు. లేచాను. కర్టెను తోశాను. గుమ్మం దాటాను.

అత్తమ్మ "ఏయ్, ఏయ్, ఏందే?" అంటోంది. నేను పుస్తకం తెరిచి బల్ల మీద, ఆయన చేతికందే చోట పెట్టి, ఆ ఉదాహరణ మీద వేలు పెట్టాను. అంత దగ్గరగా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నేననుకున్నదాని కంటే చిన్నవాడిలా ఉన్నారు. జుట్టు మాత్రం నెరిసింది.

"ఇదిగో పేజీ," అన్నాను. "బావగారూ, నన్ను ఉద్యోగానికి వెళ్ళొద్దన్నారా మీరు?"

ఆయన నా వైపు చూడలేదు. పుస్తకం వైపే చూస్తూ ఉండిపోయారు. చేతిలో టేపు ఒక్కసారిగా చుట్టుకుపోయి ఠప్పుమంది.

"నేనెప్పుడన్ననమ్మా?" అన్నారు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "యాడ ఉంటది, నీళ్ళేంది, దవాఖానా ఎంత దూరం, గివి కనుక్కొమ్మన్న. నువ్వే పోనన్నవంట గదా. అడివంటే భయమైతుందన్నవంట."

నేను అత్తమ్మ వైపు తిరిగాను. ఆమె ఒడి నిండా సైనికులతో నిలబడి ఉంది. దొంగకు తేలు కుట్టినట్టు ఉంటుందనుకున్నాను. అలా లేదు. తల వంచుకోలేదు, కళ్ళు తిప్పుకోలేదు. నా కళ్ళలోకి నేరుగా చూసింది.

"చెప్తే పోతవని చెప్పలే," అంది.

ఎన్నాళ్ళుగానో తయారుచేసుకున్న మాటలన్నీ ఆయన కోసం తయారుచేసుకున్నవి, ఆమె కోసం ఒక్కటీ లేదు.

"ఒక పిల్లను పంపిన," అంది మళ్ళీ. "నేనే సర్ది పంపిన. పచ్చడి జాడీ మీద గుడ్డ గట్టి పంపిన. జాడీ వాపసొచ్చింది." ఇంకేదో అనబోయి, ఒడి పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సైనికులు లోపల ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు వినపడింది.

హాల్లో మేమిద్దరమే మిగిలాం, ఒకరితో ఒకరు మాట్లాడకూడని మనుషులం. కూర్చోవాలో వెళ్ళాలో నాకు తెలియలేదు. ఆయనే మాట్లాడారు, బల్లతో మాట్లాడుతున్నట్టు.

"నాకు భయమే. అబద్ధమెందుకు. ఆ దిక్కు బస్సు పోతుంటె గూడ చూడ. గానీ, భయం వేరు, వద్దనుడు వేరు. వద్దనుడు నా పని కాదు." టేపు బల్ల మీద పెట్టారు. "దవాఖానా ఎంత దూరమో కనుక్కున్నవా?"

"లేదు."

"కనుక్కో. అది తెల్వకుండ పోకు. గంతే."

అంతే. వెళ్ళు అనలేదు. ఆ మాట ఆయన నోటి నుంచి రాదని నాకు అర్థమైంది, అనమని అడగడం కూడా అన్యాయం. నేను మర్నాడు అంతా తిరిగి కనుక్కున్నాను. భద్రాచలంలో పనిచేసే ఒక టీచరమ్మ దవాఖానా దూరంతో సహా ఫోన్లో అన్నీ చెప్పింది. మా ఆయన గొడవ జరిగిన రాత్రే అంతా విని, చాలాసేపు కళ్ళు నులుముకుని, "నేను అన్నను అడగాల్సింది," అన్నాడు. మిర్చి ఘాటో, ఇంకేమో, నేను ఆరా తీయలేదు.

అత్తమ్మ నాతో మాటలు మానేసింది. తిట్టలేదు, అలగలేదు, వేళకు అన్నం పెట్టింది. పలకరిస్తే మాత్రం విననట్టు గింజలు తీసుకునేది. ఆమె మీద కోపం నాకు ఇంకా పోలేదు. నేననని మాటను నా మాటగా చెప్పింది కదా. అదే సమయంలో ఆ పచ్చడి జాడీ గుర్తొచ్చి ఆమె మీద జాలి వేసేది. రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకోవని, ఒకే మనిషి మీద ఒకే పూట రెండూ ఉండగలవని నాకు అప్పుడే తెలిసింది.

బయల్దేరే రోజు పొద్దున సంచి సర్దుకుని హాల్లోకి వచ్చాను. మా ఆయన ఆటో కోసం రోడ్డు మీదికి వెళ్ళాడు. బావగారు మంచం మీద కూర్చుని ఉన్నారు, అత్తమ్మ ఆయన పక్కన నేల మీద. నాకూ ఆమెకూ మధ్య చేతికందేంత దూరం. నా వైపు చూడకుండా కొడుకుతో అంది.

"పోయి తీరుతదా అడుగు."

బావగారు ఆమెను చూశారు. తర్వాత నన్ను చూశారు. పెళ్ళైన ఇన్నాళ్ళకు ఆయన నా ముఖం చూడటం అదే మొదలు.

"పోయి తీరుతవా అని అడుగుతున్నదమ్మా," అన్నారు.

అడిగింది అడిగినట్టే. ఒక్క అక్షరం పెంచలేదు, తగ్గించలేదు. ఒక్క మాట మెత్తగా మార్చి ఉంటే నాకు సులువయ్యేది, ఆమెకూ సులువయ్యేది.

"పోతాను బావగారూ," అన్నాను.

ఆయన పెదాలు ఒకసారి కదిలి ఆగాయి. అడవి గురించి ఆయన మోయాల్సి వచ్చిన మాటల్లో అది ఎన్నోదో నాకు తెలియదు. ఆయన తల్లి వైపు వంగి, ఆ మాటను మోశారు.

"పోతదంట అమ్మా."

అత్తమ్మ అప్పుడు ఏడ్చింది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు లేకుండా, చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి లోపలికి వెళ్ళి, కొత్త దోమతెర ఒకటి తెచ్చి, నా సంచి విప్పి, బట్టల పైన పెట్టింది.